పిస్తోలుతో కాపురం

ఒక దేశం ఎంత నాగరికమైనదో తెలుసుకోవాలంటే దాని రోడ్లనూ ఆసుపత్రులనూ చూడనక్కర్లేదు. పనికిరాని వస్తువొకటి పౌరుడి చేతికి చిక్కినప్పుడు, ఆ దేశం అతని చేత ఎన్ని కాగితాలు నింపిస్తుందో చూస్తే చాలు. ఈ కొలబద్ద ప్రకారం ఆస్ట్రేలియాను మించిన దేశం భూమ్మీద లేదు. సిడ్నీలోని కెల్లీవిల్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేరు రాసుకుంటూ, ఏ వారం ఏ రంగు చెత్తడబ్బా బయటపెట్టాలో ఎన్నడూ తప్పకుండా, ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్న ద్వారకానాథ్ అనే కాకినాడ మనిషి, పొద్దున లేచింది మొదలు నడుముకు పాతకాలపు పిస్తోలు కట్టుకుని తిరగవలసిన పౌరుడిగా ఎలా ఎదిగాడన్నదే ఇందుకు సాక్ష్యం.

పక్కింటి మెర్విన్ వృద్ధుల నివాసానికి మారిపోతూ గరాజు ఖాళీ చేశాడు. అట్టడుగు పెట్టెలోంచి ఒక పిస్తోలు బయటపడితే, "మేట్, నీకేమైనా పనికొస్తుందా?" అని గోడ మీదుగా అందించాడు. ఉచితంగా ఇచ్చేదాన్ని కాదనడం ద్వారకానాథ్ ఇంటావంటా లేదు. (మెర్విన్ ఇంతకుముందు ఇచ్చిన పడవ తెడ్డు ఇప్పటికీ వాళ్ళ గరాజులో ఉంది. పడవ లేదు.) అది బంగారం కోసం జనం ఇక్కడి కొండలు తవ్వుకున్న కాలం నాటిది. గొట్టంలో మందు కూరి, గుండు దోపి, నిప్పు రాజేయాలి. మీట తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజున అది జారి ద్వారకానాథ్ కాలి బొటనవేలి మీద పడింది. గత నూరేళ్ళలో ఆ పిస్తోలు ఒక మనిషికి చేసిన హాని అదొక్కటే.

ద్వారకానాథ్ ఆశ చాలా చిన్నది. హాల్లో అద్దాల బీరువాలో, కొండపల్లి ఏనుగు అంబారీకీ అనన్య గెలిచిన కప్పులకూ మధ్య దాన్ని పెట్టుకోవాలి. అనన్య ఆయన ఒక్కగానొక్క కూతురు, పన్నెండో తరగతి, కూచిపూడి చేస్తుంది. (ఆ కప్పులన్నీ ఆమె అందుకున్న రోజుల్లో ద్వారకానాథ్ ఆఫీసులో సాఫ్ట్‌వేరు రిలీజుల్లో ఉన్నాడు. కప్పులు మాత్రం తనే ప్రేమగా తుడుస్తాడు.) అయితే తుపాకీ అన్నాక కాగితం ఉండాలి కదా అని, బుద్ధిమంతుడు కాబట్టి, తనంతట తానే ప్రాచీన కరాయుధాల నిత్యధారణ నియంత్రణ కార్యాలయానికి వెళ్ళాడు. ఎవరూ పిలవకుండా ఆ కార్యాలయానికి వెళ్ళిన మొదటి మనిషి ఆయనేనట.

కౌంటర్లో షైనాల్ అనే అధికారిణి ఉంది. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళ పిల్ల. తన అవ్వ మునమ్మ నేర్పిన నాలుగు ముక్కల తెలుగు తప్ప రాదు. ఆ నాలుగు ముక్కల్లో 'మీరు' అన్నది లేకపోవడంతో అందరినీ సమానంగా 'నువ్వు' అంటుంది.

"నువ్వు దీన్ని ఏం చేస్తావు?" అని అడిగింది.

"బీరువాలో పెట్టుకుంటానండీ. చూసుకోడానికి."

"ఈజీ, మేట్. ఇక్కడ ఒక క్వశ్చన్ ఉంది. ఎంత తరచుగా వాడతావు? ప్రతిరోజూ, వారానికోసారి, అప్పుడప్పుడు చూస్తాను. నువ్వు లాస్ట్ బాక్స్ టిక్ చేయి. నేను స్టాంప్ వేస్తా. ఇంటికి పో."

ఈ కథ అక్కడితో సుఖాంతం కావలసింది. కానీ పాయింట్లు లెక్కపెట్టుకుని వీసా మీద వీసా ఎక్కి ఈ దేశంలో నిలదొక్కుకున్న తెలుగువాడు, చివరి గడిలో టిక్కు పెట్టి ఇంటికి పోవడమన్నది చరిత్రలో లేదు. ద్వారకానాథ్ ఆలోచించుకుని వస్తానని చెప్పి, తిన్నగా వీరవెంకటసత్యనారాయణ ఇంటికి పోయాడు.

పేరు పొడుగు కాబట్టి లోకం ఆయన్ని వీవీఎస్ అంటుంది. ఉద్యోగం ఏదో ఉంది గాని, అసలు వృత్తి దరఖాస్తులు. కెల్లీవిల్‌లో సగం మంది పర్మనెంట్ రెసిడెన్సీలు, ముప్పాతిక మంది భార్యల వీసాలు ఆయన చేతి మీదుగా జరిగినవే. ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆయన సిద్ధాంతం ఒకటే. అడిగిన దానికి పదింతలు పెట్టు, అధికారి చదవలేక సంతకం చేస్తాడు.

"లాస్ట్ ఆప్షనా?" వీవీఎస్ టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. "ఆయ్, ఎంత పొరపాటు చేసేవోరండీ బావగారూ! అప్పుడప్పుడు చూస్తానంటే కేసు వీక్ అయిపోదా? రేపొద్దున అసెస్‌మెంట్‌లో, ఈయనకి దీని మీద ఇంట్రెస్ట్ లేదండీ అని రాసేస్తే? ఎప్పుడైనా సరే హయ్యెస్ట్ ఆప్షన్ కొట్టాలండీ. ప్రతిరోజూ అని పెట్టండి."

"ప్రతిరోజూ ఏం చేస్తానండీ దాంతో?"

"అదంతా మీకెందుకండీ? ఎవిడెన్స్ సంగతి నాకొదిలేయండి."

వీవీఎస్ దగ్గర తుపాకీలకు పనికొచ్చే నమూనా ఏదీ లేదు. భార్యల వీసాకు వాడే నమూనా ఉంది. ఆ బంధం నిజమైనదనీ, కొనసాగుతున్నదనీ రుజువు చెయ్యడానికి అందులో అన్నీ ఉన్నాయి. దాన్నే తీశాడు. ముందు ఫొటోలు కావాలి. ద్వారకానాథ్, పిస్తోలు కలిసి బ్లూ మౌంటెన్స్ వెళ్ళారు. కలిసి బీచికి వెళ్ళారు. ఉగాదికి బంధువుల మధ్య కలిసి కూర్చున్నారు. కరెంటు బిల్లు ఇద్దరి పేరా ఉంటే మంచిదని వీవీఎస్ ఫోన్ చేస్తే, కరెంటు కంపెనీ అమ్మాయి రెండో పేరుకు పుట్టిన తేదీ మాత్రం అడిగింది. పద్దెనిమిది వందల యాభై మూడు అని చెప్పాడు. సీనియర్ సిటిజన్ రాయితీ వర్తిస్తుందని ఆ అమ్మాయే సంతోషంగా చెప్పింది. ఇక స్నేహితుల వాంగ్మూలాలు. హడావుడిలో వీవీఎస్ పాత వాక్యం మార్చడం మర్చిపోవడం వల్ల, 'వీరిద్దరూ ఒకరినొకరు గాఢంగా ప్రేమించుకుంటున్నారని నాకు వ్యక్తిగతంగా తెలుసు' అని కెల్లీవిల్ తెలుగు ప్రముఖులు ఏడుగురు సంతకాలు పెట్టారు. ఎవరూ చదవలేదు. అసలు చదవకపోవడమే మనవాళ్ళలో నమ్మకానికి గుర్తు.

దరఖాస్తు ఎంత బలంగా ఉందంటే, కార్యాలయం దాన్ని ఆ ఏటి ఆదర్శ దరఖాస్తుగా ప్రకటించి, ద్వారకానాథ్‌ను 'నిత్యధారకుడు' వర్గంలో చేర్చింది. వెంట నియమావళి కూడా పంపింది. దాని సారాంశం ఇది.

ప్రతిరోజూ వాడతానని రాసిచ్చిన వాడు ప్రతిరోజూ వాడవలసిందే. వాడకపోతే అది తప్పుడు సమాచారం. (ఈ రెండు మాటలు చదివితే చాలు, వలస వచ్చిన వాడికి జ్వరం వస్తుంది.) వాడడమంటే మెలకువగా ఉన్నంతసేపూ ఒంటి మీద ధరించడం. ధరించిన పిస్తోలును దాచకూడదు, దాస్తే రహస్యాయుధం అవుతుంది. బయటికి కనిపించనివ్వకూడదు, కనిపిస్తే జనం బెదురుతారు. కాబట్టి సగం కనిపించవచ్చు. ఏ సగం అన్నది తర్వాత తెలియజేస్తారు. అందులో మందు కూరకూడదు, గుండు పెట్టకూడదు, ఎవరివైపూ గురిపెట్టకూడదు. ముఖ్యంగా ఆత్మరక్షణకు వాడకూడదు. ఎవరైనా దాడి చేస్తే, నడుముకున్నది తన రక్షణ కోసం కాదని ధారకుడు దుండగుడికి స్పష్టంగా, మర్యాదగా తెలియజెయ్యాలి. దుండగుడికి ఇంగ్లీషు రాకపోతే దుబాసీని ఉచితంగా సమకూరుస్తారు.

దీనికి తోడు ఫోన్లో ఒక యాప్. రోజూ పొద్దున్నే మోగి, ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో అడుగుతుంది. పిస్తోలు ముఖాన్ని ఇట్టే గుర్తుపట్టేది. ద్వారకానాథ్ ముఖాన్ని మాత్రం మళ్ళీ చూపించమనేది.

"ఏవండీ, మనం పెళ్ళయిన కొత్తలో కూడా ఇన్ని ఫొటోలు దిగలేదు" అంది ఆయన భార్య బిందుమాధవి, దోసె తిరగేస్తూ. ఆవిడ ఒక క్లినిక్‌లో బిల్లింగ్ చూస్తుంది. ఫారాలంటే ఆవిడకు భయం లేదు, గౌరవమూ లేదు.

నిజం చెప్పాలంటే మొదట్లో ద్వారకానాథ్‌కు అది కొంచెం బాగానే ఉంది. సగం పిస్తోలు కనిపిస్తూ మెట్రో ఎక్కితే పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆఫీసులో మేనేజరు ఆయన పని ఎంతవరకు వచ్చిందని అడగడం మానేశాడు. ఆయన చెప్పిన గడువులే గడువులయ్యాయి. పదహారేళ్ళ ఉద్యోగంలో పనితనం వల్ల రాని గౌరవం తుప్పు వల్ల వచ్చింది. ఆ గౌరవంతో పాటు రిలీజులూ ఎక్కువే వచ్చాయి, ఎందుకంటే ఇంత గంభీరమైన మనిషికి చిన్న పనులు ఎవరిస్తారు?

గుడిలో అర్చకులు శేషాద్రి మొదట ఆయన్ని చెప్పుల స్టాండు దగ్గరే ఆపేశారు. ఆయుధంతో లోపలికి రాకూడదు. ఆయుధం వదిలి వస్తే నియమావళి ఊరుకోదు. కొన్ని వారాల పాటు హారతి పార్కింగులోకే వచ్చింది. దసరాకు మాత్రం శేషాద్రి గారికి వేరే సంగతి తట్టింది. ఇన్నేళ్ళుగా ఆయుధపూజ అని పేరే గాని, పూజకు వచ్చేవి లాప్‌టాపులూ, కారు తాళాలూ, గడ్డి కోసే మిషనూ. ఈసారి అసలైన ఆయుధం దొరికింది. ద్వారకానాథ్‌ను మంటపంలో నడిమధ్య నిలబెట్టారు. పిస్తోలుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోశారు. అది ఆయన్నించి వేరు కాకూడదు గనుక సగం పసుపు ఆయనకూ అయింది. జనం లైను కట్టి ఇద్దరికీ దండం పెట్టుకున్నారు.

ఆ దెబ్బతో కెల్లీవిల్‌లో పిస్తోలు ఒక హోదా అయి కూర్చుంది. పార్టీల్లో ఆడవాళ్ళు, "మా ఆయనకీ ఒకటి చూడండి అన్నయ్యగారూ, ఇల్లు కొని మూడేళ్ళయింది, ఇంకా ఏమీ లేదు" అని అడిగేవారు. వీవీఎస్ వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, జంట పిస్తోళ్ళకు ఎక్కువ పాయింట్లు వస్తాయని బోధించడం మొదలుపెట్టాడు.

ఇంతలో అనన్య స్కూల్లో వీడ్కోలు సభ వచ్చింది. పన్నెండో తరగతి పిల్లలకు స్కూలు స్టేజీ మీద అదే ఆఖరు. అనన్య పళ్ళెం మీద నిలబడి తరంగం చేస్తుంది. స్కూలు వాళ్ళు ముందు వరసలో అమ్మకొకటి, నాన్నకొకటి కుర్చీలు కేటాయించారు.

"నాన్నా, దిస్ టైమ్ యూ హావ్ టు కమ్" అంది అనన్య. బతిమాలలేదు. బతిమాలడం ఎనిమిదో తరగతిలోనే మానేసింది.

"వస్తాను తల్లీ. రిలీజు ఉన్నా వస్తాను. ఒట్టు" అన్నాడు ద్వారకానాథ్.  పిల్ల వచ్చే ఏడు మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వెళ్ళిపోతుంది. ఈసారి చూడకపోతే ఇక చూడడం లేదని ఆయనకు తెలుసు.

తర్వాత రోజు స్కూలు నుంచి మర్యాదగా ఒక ఈమెయిల్ వచ్చింది. స్కూలు ఆవరణలోకి తుపాకీ రాకూడదు, అది ఏ శతాబ్దానిదైనా సరే.

ద్వారకానాథ్ సెలవు పెట్టి నియంత్రణ కార్యాలయానికి పరుగెత్తాడు. కౌంటర్ మీద పిస్తోలు పెట్టి, "అమ్మా, ఇది మీరే తీసేసుకోండి. నాకొద్దు" అన్నాడు.

షైనాల్ జాలిగా చూసింది. "నువ్వు ప్రేమించావు అని ఏడుగురు రాశారు, మేట్. అలా వదలడం కుదరదు. సెపరేషన్ అప్లై చేయాలి."

ధారకుడు, ఆయుధం పన్నెండు నెలలు విడివిడిగా ఉన్నట్టు రుజువు చేస్తే బంధం రద్దు చేస్తారు. (ఈ దేశంలో భార్యాభర్తల విడాకులకు ఉన్న నియమమే ఇది. కార్యాలయం కొత్తగా ఆలోచించే శ్రమ పడలేదు.) అయితే రద్దయ్యే దాకా ఆయుధాన్ని ఒంటి మీంచి తియ్యకూడదు. అంటే కలిసి ఉంటూ విడిగా ఉండాలి. ఇలాంటిది ఎలా సాధ్యమని ద్వారకానాథ్ అడిగితే, చాలా కుటుంబాలు సాధిస్తున్నాయని షైనాల్ చెప్పింది.

ద్వారకానాథ్ ఆ కౌంటర్ ముందు ఏడ్చినంత పని చేశాడు. ఆయన పిస్తోలు గురించి కాదు, పళ్ళెం మీద నిలబడే పిల్ల గురించి చెప్పాడు. అన్ని కప్పులూ తను లేనప్పుడే వచ్చాయని చెప్పాడు. షైనాల్ మంచి మనిషి. నియమావళి తిరగేసి, తిరగేసి, ఒక మూల 'తాత్కాలిక ఎడబాటు' అనే అంశాన్ని పట్టుకుంది. ఒక్క సాయంత్రం పాటు పిస్తోలును కార్యాలయం సంరక్షిస్తుంది. ఆ ఎడబాటు కపటం లేకుండా జరగాలి, అంతే. అక్కడికక్కడే స్టాంపు వేసింది. ద్వారకానాథ్‌కు ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది, గాని కౌంటర్ అడ్డం వచ్చింది.

సభ రోజున పిస్తోలును షైనాల్ చేతికి అప్పగించి, సిల్కు లాల్చీ వేసుకుని, ఫోన్ కారులోనే పారేసి, ద్వారకానాథ్ స్కూలు హాలు గుమ్మం దగ్గరికి వేళకన్నా ముందే చేరాడు. నడుము తేలిగ్గా ఉంది. బిందుమాధవి ఆయన్ని ఎగాదిగా చూసి, "పర్లేదు, మనిషిలాగే ఉన్నారు" అని మెచ్చుకుని లోపలికి నడిచింది. ఆయన గడపలో కాలు పెట్టబోయాడు.

"నో నో! నువ్వు రాకూడదు!" అని లోపలి నుంచి కేక వినిపించింది.

షైనాల్. ఒడిలో తలదాకా వచ్చే సంచీ, సంచీలో సగం కనిపిస్తూ పిస్తోలు.

పాపం, ఆమె తప్పేమీ లేదు. సంరక్షణలో ఉన్న ఆయుధాన్ని ఒంటరిగా వదలకూడదు. ఆమె కొడుకు శివం అదే స్కూల్లో చదువుతున్నాడు, ఆ సాయంత్రం బ్యాండులో డ్రమ్ము వాయిస్తున్నాడు. ఆమె రాక తప్పదు, ఆమెతో పిస్తోలు రాక తప్పదు. తుపాకీ రాకూడదన్న స్కూలుకు విద్యార్థుల చరిత్ర పరిజ్ఞానం కోసమని కార్యాలయం ఇచ్చిన ప్రత్యేక అనుమతిపత్రం ఆమె చూపించింది. స్కూలు వాళ్ళు సంతోషించి స్వాగతం పలికారు. ఇక ఎడబాటులో ఉన్న ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటే అది కపటమైన ఎడబాటు. అప్పుడు అనుమతి రద్దవుతుంది, తప్పుడు సమాచారం అవుతుంది, అందరికీ తెలిసిన జ్వరం వస్తుంది.

"అయితే అది బయటికి పోవాలి గానీ, నేనెందుకమ్మా?" అన్నాడు ద్వారకానాథ్.

"దానికి పర్మిషన్ ఉంది. నీకు లేదు. సారీ, మేట్."

హాలు కిక్కిరిసిపోయింది. షైనాల్‌కు ఒక్క సీటే ఇచ్చారు, సంచీ ఒళ్ళో పెట్టుకుంటే వెనకాల వాళ్ళకు స్టేజీ కనబడడం లేదు. బిందుమాధవి పక్కన ముందు వరసలో 'అనన్య తండ్రి' అని చీటీ అంటించిన కుర్చీ ఖాళీగా ఉంది. స్కూలు వాలంటీరు ఒకావిడ పిస్తోలును సంచీతో సహా మర్యాదగా తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టింది.

ద్వారకానాథ్ సైకిలు స్టాండు దగ్గర నిలబడ్డాడు. గోడ అవతల నుంచి తాళం వినిపించింది, తర్వాత గజ్జెలు. ఆయనకు నాట్యం తెలియదు, గాని ఆ గజ్జెలు అనన్యవేనని తెలిసింది, అవి ఇంట్లో రోజూ పైగదిలో వినిపించేవే. తను ఫోన్లో మాట్లాడుతూ, కాస్త ఆపమ్మా కాల్‌లో ఉన్నాను అని అరిచేవాడు. ఇప్పుడు ఆపకూడదని అనిపించింది. చప్పట్లు మోగాయి. ఆయన కూడా అక్కడే, సైకిళ్ళ మధ్య నిలబడి, చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాడు. కళ్ళు తుడుచుకోవడానికి సిల్కు లాల్చీ పనికిరాదని కూడా అప్పుడే తెలిసింది.

సభ అయ్యాక అనన్య గజ్జెలు చేత్తో పట్టుకుని, మొహమంతా చెమటతో, నవ్వుతో బయటికి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా! యూ స్టేడ్! లైట్స్‌లో ఫేసెస్ కనపడవు కదా, బట్ ఐ లుక్డ్ ఎట్ యువర్ సీట్. ఎంప్టీగా లేదు! మధ్యలో ఎవరూ లేవలేదు, ఫోన్ లైట్ కూడా లేదు. ఐ వాజ్ డాన్సింగ్ టు దట్ సీట్ ద హోల్ టైమ్!"

వెనకాల వచ్చిన బిందుమాధవి మొగుడి మొహం చూసింది.  

"చాలా బాగా చేశావు తల్లీ" అన్నాడు ద్వారకానాథ్. అది అబద్ధం కాదు. చూశానని మాత్రం ఆయన అనలేదు.

నెల తిరిగేసరికి, ఆ రోజు కౌంటర్లోనే ద్వారకానాథ్ పెట్టి వచ్చిన సెపరేషన్ దరఖాస్తు మీద కార్యాలయం తుది నిర్ణయం వచ్చింది. బిందుమాధవి కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. సభ ఫొటోలను కార్యాలయం నిశితంగా పరిశీలించింది. కుటుంబానికి ముఖ్యమైన వేడుకలో పిస్తోలు తండ్రి స్థానంలో, తల్లి పక్కన, ఆద్యంతం ఆసీనమై ఉన్నది. కావున ఈ కుటుంబంతో పిస్తోలు బంధం నిజమైనదనీ, కొనసాగుతున్నదనీ నిర్ధారించడమైనది. ద్వారకానాథ్ అనే వ్యక్తి ఆ వేడుకకు హాజరైనట్టు ఆధారాలు లేవు. అంతకు ముందు కూతురి వేడుకలకు హాజరైనట్టూ లేవు. కావున ఈ ఇంట్లో చాలాకాలంగా విడిగా ఉంటున్నది సదరు వ్యక్తేనని కార్యాలయం భావిస్తున్నది.

"ఇదేమిటి, ఇంత అన్యాయంగా రాశారు!" అన్నాడు ద్వారకానాథ్, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

బిందుమాధవి కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

"ఈ దేశం వచ్చాక" అంది, "ఒక ఆఫీసు వాళ్ళు ఉన్నది ఉన్నట్టు రాయడం ఇదే మొదటిసారి."